ఒక్కో ప్యాకేజీ ఇన్‌స్టాల్‌కీ యాప్‌ఆర్మర్ ప్రొఫైల్స్ అన్నీ రీలోడ్ అవుతున్నాయి, దీన్ని ఒక్కసారికి తగ్గించేదెలా?

రాత్రి_డ్యూటీ:

నమస్తే అందరికీ. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

మా టీమ్ సొంతంగా తయారుచేసుకునే ప్యాకేజీలు 38 ఉన్నాయి, అన్నీ డెబియన్ లైనక్స్ మీద నడిచేవే. ఏడాది క్రితం నుంచి ఒక్కో ప్యాకేజీతో పాటు దాని యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ (ఆ ప్రోగ్రామ్ ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో కెర్నెల్‌కి చెప్పే రూల్స్) కూడా పంపుతున్నాం. మంచి పనే, కాదనను. కానీ కొత్త మెషీన్ మీద ఈ 38 ఒకేసారి ఇన్‌స్టాల్ చేస్తే, డౌన్‌లోడ్ అయి ఫైళ్లు విప్పుకోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు గానీ, ఆ తర్వాత వచ్చే "సెట్టింగ్ అప్" లైన్లు మాత్రం అర నిమిషానికి ఒకటి చొప్పున నింపాదిగా వస్తాయి. మొత్తం ఇరవై నిమిషాలు. ఆ సేపంతా ఇంకో టెర్మినల్‌లో టాప్ పెట్టుకుని చూస్తే పైన కూర్చునేది ఎప్పుడూ ఒకటే, యాప్‌ఆర్మర్ పార్సర్. ఉన్న రెండు కోర్లనూ అదే తినేస్తోంది.

పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టు, అంటే ప్యాకేజీ ఫైళ్లు పడ్డాక నడిచేది, తెరిచి చూశాను. నాకు ముందు ఈ సీట్లో ఉన్నాయన రాసింది, అన్ని ప్యాకేజీల్లోనూ అదే కాపీ. అందులో చేసేది ఇంతే: ఈటీసీ కింద ఉండే యాప్‌ఆర్మర్ డాట్ డి ఫోల్డర్ మొత్తాన్ని పార్సర్ చేతికిచ్చి, చిన్న ఆర్, క్యాపిటల్ టి, క్యాపిటల్ డబ్ల్యూ ఆప్షన్లతో నడపడం. ఆ ఫోల్డర్‌లో సిస్టమ్‌వీ మావీ కలిపి దాదాపు 120 ప్రొఫైల్స్ ఉంటాయి. అంటే నేను ఒక్క చిన్న టూల్ అప్‌డేట్ చేసినా 120 రీలోడ్ అవుతాయన్నమాట.

ఇంకో వింత, కెర్నెల్ లాగ్‌లో ప్రొఫైల్ రీప్లేస్ అని పడే లైన్లలో చాలా భాగం పక్కన "సేమ్ యాజ్ కరెంట్ ప్రొఫైల్, స్కిప్పింగ్" అని ఉంది. మారనివాటిని కెర్నెలే పక్కన పెట్టేస్తుంటే మరి ఈ ఇరవై నిమిషాలు ఎక్కడికి పోతున్నాయో అర్థం కావడం లేదు.

మ్యాన్ పేజీలకి చివర్లో ఒక్కసారే "ప్రాసెసింగ్ ట్రిగ్గర్స్" అని వస్తుంది కదా, ఎన్ని ప్యాకేజీలు పెట్టినా ఒకసారే. దీనికి కూడా అలాంటి ట్రిగ్గర్ పెట్టేసి, 38 పోస్ట్‌ఇన్‌స్ట్‌ల్లోంచీ ఆ లైన్ పీకేద్దామని అనుకుంటున్నా. చేయొచ్చా? ఎవరైనా చేశారా?

ప్యాకేజీ_పిచ్చి:

ట్రిగ్గర్ దాకా వెళ్లేముందు ఒక లెక్క వేద్దాం. 38 ప్యాకేజీలు, ఒక్కోదానికి 120 ప్రొఫైల్స్, అంటే 4560 సార్లు కంపైల్. మీకు నిజంగా కావలసింది 38. మీ సమస్య ట్రిగ్గర్ లేకపోవడం కాదండీ, ప్రతి ప్యాకేజీ ఊరందరి పనీ నెత్తిన వేసుకోవడం.

కెర్నెల్ స్కిప్ చేస్తున్నా టైమ్ ఎందుకు పోతోందంటే, ఖర్చంతా కెర్నెల్ గుమ్మం దాకా వెళ్లేలోపే అయిపోతుంది కాబట్టి. ప్రొఫైల్ మనకి చదవడానికి టెక్స్టు ఫైలే, కానీ కెర్నెల్‌కి అది పనికిరాదు. పార్సర్ ఆ రూల్స్ అన్నీ, ఇన్‌క్లూడ్ చేసిన అబ్‌స్ట్రాక్షన్స్‌తో (చాలా ప్రొఫైల్స్ పంచుకునే రూల్ ఫైళ్లు) సహా చదివి, స్టార్లూ బ్రాకెట్లూ ఉన్న పాత్‌లన్నిటినీ కలిపి ఒక పెద్ద స్టేట్ మెషీన్‌గా మార్చి, దాన్ని కుదించి, బైనరీ చేసి, అప్పుడు కెర్నెల్‌కి రాస్తుంది. సీపీయూ తినేది ఆ మార్చడం, కుదించడం. కెర్నెల్ ఆ బైనరీ చూసి "ఇది నా దగ్గర ఉన్నదే" అంటుంది. ఉత్తరమంతా మళ్లీ చేత్తో రాసుకుని పట్టుకెళ్తే గుమ్మం దగ్గరే "నిన్న ఇచ్చావుగా ఇది" అని తిప్పి పంపినట్టు.

ఆ కంపైల్ తప్పించడానికే క్యాష్ ఉంది. వార్ కింద క్యాష్ ఫోల్డర్‌లో యాప్‌ఆర్మర్ అని చూడండి, బైనరీలన్నీ అక్కడే దాస్తుంది. క్యాపిటల్ డబ్ల్యూ అంటే క్యాష్‌లో రాయి అని, క్యాపిటల్ టి అంటే క్యాష్‌లోంచి చదవొద్దు అని. ఇప్పుడు మీ స్క్రిప్టు చేస్తున్నది చూడండి, ప్రతిసారీ 120 ఫైళ్లకీ క్యాష్ రాస్తోంది, మళ్లీ అర నిమిషానికి తర్వాతి ప్యాకేజీ వచ్చి అదే క్యాష్‌ని చూడను పొమ్మంటోంది.

అలాగని క్యాపిటల్ టి తీసేయకండి! అక్కడ ఒక గుంట ఉంది, నేను స్వయంగా పడ్డాను. క్యాష్ చెల్లుతుందా లేదా అన్నది పార్సర్ ఫైళ్ల టైమ్ చూసి తేలుస్తుంది, ప్రొఫైల్ గానీ అది ఇన్‌క్లూడ్ చేసిన ఫైల్ గానీ క్యాష్ కంటే కొత్తదైతేనే మళ్లీ కంపైల్ చేస్తుంది. కానీ డీపీకేజీ (డెబియన్‌లో ప్యాకేజీలు పెట్టే టూల్) ఫైల్‌ని విప్పేటప్పుడు ఇప్పటి టైమ్ వేయదు, ప్యాకేజీ లోపల ఆ ఫైల్‌కి ఏ టైమ్ ఉందో అదే ఉంచుతుంది. దాంతో మెషీన్‌లో క్యాష్ నిన్నటిది, ఈరోజు ఇన్‌స్టాల్ చేసిన ప్రొఫైల్ మీద ఉన్న టైమ్ పోయిన నెలది, పార్సర్ "క్యాషే కొత్తది" అనుకుని పాత రూల్స్‌నే లోడ్ చేసేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. ఏదో బగ్ వచ్చి పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లినప్పుడు ఇది మరీ బాగా తగులుతుంది. డిస్క్ మీద ఒక రూల్, కెర్నెల్‌లో ఇంకో రూల్, మధ్యలో ఒక పూటంతా తల గోక్కున్నాను.

కాబట్టి ఇప్పుడే మారిన ఫైల్‌కి క్యాపిటల్ టి ఉండాల్సిందే. మారని ఫైళ్లని అసలు ముట్టుకోకూడదు. డెబియన్‌లో డీహెచ్ యాప్‌ఆర్మర్ అని హెల్పర్ ఉంది, అది పోస్ట్‌ఇన్‌స్ట్‌లో సరిగ్గా ఇదే ముక్క చేరుస్తుంది: మీ ఒక్క ప్రొఫైల్ పేరు మాత్రమే ఇచ్చి, అవే మూడు ఆప్షన్లతో పార్సర్‌ని పిలుస్తుంది, అదీ యాప్‌ఆర్మర్ ఆన్‌లో ఉంటేనే. అందువల్ల క్రూట్‌లోనో (వేరే ఫోల్డర్‌నే రూట్‌గా చూపే చోట) ఇమేజ్ బిల్డ్‌లోనో ఇన్‌స్టాల్ చేసినా కిక్కురుమనదు. పైగా లోకల్ అనే సబ్‌ఫోల్డర్‌లో మీ ప్రొఫైల్ పేరుతో ఒక ఖాళీ ఫైల్ కూడా పెడుతుంది, మెషీన్ అడ్మిన్ తన సొంత రూల్స్ అందులో రాసుకుంటే అప్‌గ్రేడ్‌లో కాన్ఫిగ్ ఫైల్ గొడవ రాదు. మీ ముందాయన ఆ ముక్కనే ఎక్కడో చూసి కాపీ కొట్టి, ఫైల్ పేరు బదులు ఫోల్డర్ పేరు పెట్టుంటారు, నా అనుమానం అది.

పోస్ట్_కొరియర్:

పైన చెప్పింది కరెక్టే, 4560 నుంచి 38కి వస్తే ఆయన సమస్య సగం కాదు, ముప్పాతిక వంతు తీరిపోయినట్టే. కానీ ఆయన అడిగిన ట్రిగ్గర్ కూడా చేయొచ్చు, మేం చేశాం, కాబట్టి ఎలా చేశామో రాస్తున్నా.

ముందు అందరూ చేసే పొరపాటు. ఆ ఫోల్డర్ పాత్ మీదే ఫైల్ ట్రిగ్గర్ పెట్టి, "అందులో ఏ ఫైల్ పడినా నన్ను లేపు" అని ఊరుకుంటారు. లేపుతుంది, నిజమే. కానీ ట్రిగ్గర్ వచ్చినప్పుడు మీ పోస్ట్‌ఇన్‌స్ట్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా "ట్రిగ్గర్డ్" అని, రెండోదిగా ట్రిగ్గర్ పేరు, అంటే ఆ ఫోల్డర్ పాత్, అంతే వస్తాయి. ఏ ఫైల్ మారిందో చెప్పదు. నిజానికి ఫైల్ ఏమీ మారకపోయినా ఒక్కోసారి లేపుతుంది. అప్పుడు మీరు చేయగలిగింది మళ్లీ 120 రీలోడ్ చేయడమే. 38 సార్లు బదులు ఒకసారి, అర నిమిషం, అదీ నయమే అనుకుంటే సరే.

మేం ఏం చేశామంటే, పేరున్న ట్రిగ్గర్ ఒకటి పెట్టాం, ఫైల్ ట్రిగ్గర్ కాదు. అన్నిటికీ కామన్‌గా ఉండే బేస్ ప్యాకేజీ ఒకటి ఆ పేరు మీద ఇంట్రెస్ట్ చూపిస్తుంది. మిగతా ప్యాకేజీల పోస్ట్‌ఇన్‌స్ట్‌లు రన్ కింద ఒక చిన్న ఫోల్డర్‌లో తమ ప్రొఫైల్ పేరుతో ఖాళీ ఫైల్ పెట్టి, డీపీకేజీ ట్రిగ్గర్ కమాండ్‌తో ఆ పేరు కొట్టి వెళ్లిపోతాయి. చివర్లో బేస్ ప్యాకేజీ లేచి, ఆ ఫోల్డర్‌లో ఉన్న పేర్లన్నీ ఏరుకుని, అన్నిటినీ ఒకే పార్సర్ కమాండ్‌కి ఇచ్చి, అయ్యాక ఆ ఖాళీ ఫైళ్లు తుడిచేస్తుంది. ఒకే కమాండ్‌కి అన్నీ ఇస్తే పార్సర్ తనంతట తానే కోర్లకి పంచుకుని పక్కపక్కన కంపైల్ చేస్తుంది, 38 సార్లు విడివిడిగా పిలిస్తే ఆ లాభం రాదు. మధ్యలో కరెంటు పోయి ట్రిగ్గర్ నడవకపోయినా, రన్ ఫోల్డర్ బూట్‌తో ఖాళీ అవుతుంది, బూట్‌లో ఎలాగూ అన్ని ప్రొఫైల్స్ లోడ్ అవుతాయి, కాబట్టి పైన చెప్పిన పాత క్యాష్ గుంట అడ్డం రాకపోతే బ్యాలెన్స్ ఏమీ మిగలదు.

నో అవెయిట్ రకమే వాడండి. మామూలు రకమైతే ట్రిగ్గర్ కొట్టిన ప్యాకేజీ "ఇంకా ఎదురుచూస్తున్నా" అనే స్టేట్‌లో ఉండిపోతుంది, దాని మీద ఆధారపడ్డ ఇంకో ప్యాకేజీని కాన్ఫిగర్ చేయాలంటే డీపీకేజీ ముందు ఆ ట్రిగ్గర్ తేల్చాలి, అలా మధ్యమధ్యలో మూడు నాలుగు సార్లు నడిచి, ఒక్కసారే జరగాలన్న మన ఉద్దేశమే దెబ్బతింటుంది.

పాత_కెర్నెల్:

ఆగండాగండి. పైన ట్రిగ్గర్ వివరం బాగుంది, తప్పేం లేదు, కానీ రాత్రి డ్యూటీ గారి ప్యాకేజీల్లో సర్వీసులు ఎన్ని, ఉత్త టూల్స్ ఎన్ని అని ఎవరూ అడగలేదే?

ఎందుకంటే యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ ప్రాసెస్‌కి తగులుకునేది ప్రోగ్రామ్ ఎగ్జిక్యూట్ అయ్యే క్షణంలో. ఆ క్షణానికి కెర్నెల్‌లో ప్రొఫైల్ ఉంటే దాని కింద నడుస్తుంది, లేకపోతే స్వేచ్ఛగా నడుస్తుంది, ఆ తర్వాత మీరు ప్రొఫైల్ లోడ్ చేసినా ఇప్పటికే నడుస్తున్న ఆ ప్రాసెస్‌ని అది పట్టుకోదు. రీస్టార్ట్ చేసేదాకా అంతే. ఇప్పుడు ట్రిగ్గర్ పెట్టారనుకోండి. మీ సర్వీసు ప్యాకేజీ పోస్ట్‌ఇన్‌స్ట్ నడుస్తుంది, సర్వీస్ స్టార్ట్ అవుతుంది, ప్రొఫైల్ మాత్రం ఇన్‌స్టాల్ అంతా అయ్యాక చివర్లో లోడ్ అవుతుంది. కొత్త మెషీన్ మీద ఆ సర్వీసు కాపలా లేకుండానే పుట్టింది, అలాగే బతుకుతుంది.

అప్‌గ్రేడ్‌లో కథ వేరు. పాత ప్రొఫైల్ కెర్నెల్‌లో ఉంటుంది కాబట్టి సర్వీస్ రీస్టార్ట్ అయినప్పుడు పాత రూల్స్ కింద లేస్తుంది. తర్వాత రీప్లేస్ జరిగితే నడుస్తున్న ప్రాసెస్‌కి కూడా కొత్త రూల్స్ అందుతాయి, రీస్టార్ట్ అక్కర్లేదు, చిన్న ఆర్‌లో ఉన్న గొప్పతనం అదే. కానీ ఈ మధ్య గ్యాప్‌లో కొత్త వెర్షన్ కొత్తగా ఏదైనా ఫైల్ తెరవబోతే పాత రూల్ దాన్ని ఆపేస్తుంది, సర్వీస్ లేవకుండానే పడిపోతుంది, ఇన్‌స్టాల్ ఎర్రర్. అది కనీసం కనిపిస్తుంది. కొత్త మెషీన్ సంగతి కనిపించను కూడా కనిపించదు.

కాబట్టి నా మాట: డీమన్ (వెనకాల నడుస్తూ ఉండే సర్వీసు) ఉన్న ప్యాకేజీ తన ప్రొఫైల్‌ని తన పోస్ట్‌ఇన్‌స్ట్‌లోనే, సర్వీస్ స్టార్ట్ చేసే లైన్ కంటే పైన లోడ్ చేసుకోవాలి. వాయిదా వద్దు. డీహెచ్ యాప్‌ఆర్మర్ వాడితే రూల్స్ ఫైల్‌లో దాన్ని సిస్టమ్‌డీ సర్వీసులు పెట్టే స్టెప్ కంటే ముందు పిలవండి, దాని మాన్యువల్లోనే ఆ మాట ఉంది, ఎందుకంటే స్నిప్పెట్లు పిలిచిన వరుసలోనే చేరతాయి. చేత్తో పిలిచే కమాండ్ లైన్ టూల్స్ ప్రొఫైల్స్ అయితే ట్రిగ్గర్‌కి వదిలేయండి, నిమిషం ఆలస్యమైతే కొంప మునగదు.

సిస్టమ్‌డీ యూనిట్‌లో యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ అనే డైరెక్టివ్ ఉంది, దానికి ప్రొఫైల్ పేరు ఇవ్వండి. ఆ పేరుతో ప్రొఫైల్ కెర్నెల్‌లో లేకపోతే సర్వీస్ స్టార్టే కాదు. పేరు ముందు హైఫన్ పెడితే పోనీలే అని వదిలేస్తుంది, కాబట్టి హైఫన్ పెట్టకండి. ఆర్డర్ తప్పితే చప్పుడు లేకుండా విప్పుకుని తిరగడం కంటే గట్టిగా అరిచి పడిపోవడమే నాకిష్టం.

చివరిగా, చిన్న ఆర్‌కీ పెద్ద ఆర్‌కీ తేడా. చిన్నది రీప్లేస్, పెద్దది రిమూవ్. ఒకసారి నేను పనిచేసిన చోట ఎవరో "క్లీన్‌గా ఉంటుంది" అని ముందు క్యాపిటల్ ఆర్‌తో తీసేసి, తర్వాత మళ్లీ లోడ్ చేసేలా స్క్రిప్టు రాశారు. ప్రొఫైల్ తీసేసిన క్షణం దాని కింద నడుస్తున్నవన్నీ అన్‌కన్‌ఫైన్డ్ (ఏ కాపలా లేనివి) అయిపోతాయి, మళ్లీ లోడ్ చేసినా వెనక్కి రావు. యాప్‌ఆర్మర్ సర్వీస్ యూనిట్‌లో స్టాప్ కమాండ్ ఏమీ చేయకుండా ఊరుకునేలా పెట్టింది అందుకే. రీస్టార్ట్ కొట్టినా ప్రొఫైల్స్ ఊడిపోకూడదని.

లేబుల్_రామాయణం:

సందు దొరికింది కదా అని ఎస్ఈలైనక్స్ (యాప్‌ఆర్మర్ లాంటిదే ఇంకో కాపలా వ్యవస్థ) వైపు నుంచి ఒక మాట. మీరు చాలా అదృష్టవంతులు, యాప్‌ఆర్మర్‌లో ఏ ప్రొఫైల్‌కి ఆ ప్రొఫైల్ విడిగా లోడ్ అవుతుంది. మాకు ఒక్క మాడ్యూల్ చేర్చినా పాలసీ అంతా కలిపి మళ్లీ కట్టాలి. పది ప్యాకేజీలు పదిసార్లు సెమాడ్యూల్ (మాడ్యూల్స్ చేర్చే కమాండ్) పిలిస్తే పదిసార్లు మొత్తం కట్టడమే. అందుకే మేం ఒకే కమాండ్‌కి అన్ని మాడ్యూల్స్ పేర్లూ ఇస్తాం, అది ఒకే ట్రాన్సాక్షన్‌గా చేస్తుంది. లేదంటే చిన్న ఎన్ ఆప్షన్‌తో రీలోడ్ ఆపి, చివర్లో లోడ్ పాలసీ ఒక్కసారి. డీపీకేజీ లాంటి మా ప్యాకేజీ టూల్ ఆర్‌పీఎమ్‌లో 4.13 నుంచి ఫైల్ ట్రిగ్గర్స్ ఉన్నాయి, ట్రాన్సాక్షన్ చివర ఒక్కసారే నడిచే రకం కూడా ఉంది, కానీ పైన పాత కెర్నెల్ గారు చెప్పిన తిరకాసు అక్కడా అంతే, సర్వీస్ ముందు లేచి పాలసీ తర్వాత వస్తే గోవిందా. దానికి తోడు ఫైళ్ల లేబుల్స్ మార్చడం అదో పెద్ద పని, ఇక్కడ ఎత్తను.

రాత్రి_డ్యూటీ:

అందరికీ చాలా థ్యాంక్స్. పాత కెర్నెల్ గారూ, లెక్క తీశాను: 38లో సర్వీసులు 11, మిగతా 27 టూల్స్.

రెండు డౌట్లు. మాకు సొంత అబ్‌స్ట్రాక్షన్ ఫైల్ ఒకటి ఉంది, లాగ్ ఫోల్డర్లూ సర్టిఫికెట్లూ అందులో రాసి 38 ప్రొఫైల్స్‌లోనూ ఇన్‌క్లూడ్ చేశాం. అది బేస్ ప్యాకేజీలో వస్తుంది. ఎవరి ప్రొఫైల్ వాళ్లే లోడ్ చేసుకుంటే, ఆ కామన్ ఫైల్ ఒక్కటే మారినప్పుడు ఎవరు లోడ్ చేస్తారు? రెండోది, ఒక ప్రొఫైల్‌లో సింటాక్స్ తప్పుంటే మిగతావి కూడా ఆగిపోతాయా?

ప్యాకేజీ_పిచ్చి:

కామన్ ఫైల్ మారితే దాన్ని వాడే అన్నీ మళ్లీ కంపైల్ కావాల్సిందే, దానికి దొడ్డిదారి లేదు, ఎందుకంటే ఇన్‌క్లూడ్ అంటే ఆ టెక్స్టు లోపలికి వచ్చి పడటమే, బైనరీలో అది విడిగా ఉండదు. ఆ పని బేస్ ప్యాకేజీ పోస్ట్‌ఇన్‌స్ట్‌కి ఇవ్వండి, కానీ "మారితేనే" అన్నది ముఖ్యం. బేస్ ప్యాకేజీ వెర్షన్ మారినంత మాత్రాన అబ్‌స్ట్రాక్షన్ మారినట్టు కాదు కదా. ఫైల్ చెక్‌సమ్ ఒకచోట రాసి పెట్టుకుని పోల్చుకోండి. టైమ్‌ని మాత్రం నమ్మకండి, ఎందుకో పైన చెప్పాను. ఇంకో ముక్క, ఏ ఫైళ్లు ఇప్పుడే వచ్చాయో ఫైండ్‌తో వెతకాలనుకుంటే ఎమ్‌టైమ్ (ఫైల్‌లోని రాత మారిన టైమ్) కాకుండా సీటైమ్ (డిస్క్ మీద ఆ ఫైల్ ఎంట్రీ మారిన టైమ్) చూడండి, ప్యాకేజీ ఎంత పాతదైనా డిస్క్ మీద పడ్డ క్షణం సీటైమ్‌లో దొరికిపోతుంది.

సింటాక్స్ తప్పు విషయం: ఒకే కమాండ్‌కి పది ఫైళ్లిస్తే, తప్పున్నది పోయినా పార్సర్ మిగతావి లోడ్ చేస్తూ పోతుంది, చివర్లో ఎర్రర్ కోడ్ ఇస్తుంది. మొదటి తప్పు దగ్గరే ఆగాలంటే దానికి వేరే ఆప్షన్ ఉంది. డీహెచ్ యాప్‌ఆర్మర్ పెట్టే ముక్క చివర "ఆర్ ట్రూ" అని ఉంటుంది, అంటే ప్రొఫైల్ లోడ్ కాకపోయినా ఇన్‌స్టాల్ ఆగదు. కొందరు దాన్ని తిడతారు, నాకైతే సబబే అనిపిస్తుంది, ఒక కామా తప్పుకి మెషీన్ మొత్తం అప్‌గ్రేడ్ సగంలో నిలబడిపోవడం ఏం బాగుంటుంది. దానికి బదులు ప్యాకేజీ బిల్డ్ అయ్యే చోటే, కెర్నెల్‌కి లోడ్ చేయకుండా ఉత్తినే కంపైల్ చేసే క్యాపిటల్ క్యూ ఆప్షన్‌తో ప్రతి ప్రొఫైల్‌నీ ఒకసారి పరీక్షించండి. తప్పుంటే బిల్డే ఫెయిల్ అవుతుంది, మెషీన్ దాకా రాదు.

పోస్ట్_కొరియర్:

ఇన్ని చేశాక కూడా ఏదో ఒక్క ప్రొఫైల్ కంపైల్‌కే ఐదారు సెకన్లు పడుతుంటే, అందులో రెండేసి స్టార్లున్న పాత్‌లు కుప్పగా ఉన్నాయేమో చూడండి. ఎక్స్‌ప్రెషన్లు కుదించే స్టెప్‌ని మానేయమని చెప్పే ఆప్షన్ కూడా ఉంది, స్నాప్ ప్యాకేజీలు నడిపే స్నాప్‌డీ తన ప్రొఫైల్స్‌కి అదే వాడుతుంది. అన్ని ప్రొఫైల్స్‌కీ లాభం ఉండదు, ఒక్కోదానికి రివర్స్ కూడా కొడుతుంది, టైమ్ కమాండ్ పెట్టి రెండు రకాలుగానూ కొలిచి చూసుకుని పెట్టండి.

మీ 11 సర్వీసుల సంగతి నాకు మనసులో పీకుతోంది. ఆ కాపీ కొట్టిన పోస్ట్‌ఇన్‌స్ట్‌లో సర్వీస్ స్టార్ట్ లైన్ పైన ఉందా, రీలోడ్ లైన్ పైన ఉందా?

రాత్రి_డ్యూటీ:

మీరడిగాక వెళ్లి చూశాను. ఎనిమిదింటిలో రీలోడ్ పైన ఉంది. మూడింటిలో స్టార్ట్ పైన ఉంది.

ఆ మూడూ రెండు వారాల క్రితం కొత్తగా చేరినవి, మావాళ్లలో ఒకతను హడావిడిగా పాత స్క్రిప్టులో మధ్యలో ఇరికించాడు. ఇన్‌స్టాల్ చేసిన రోజు నేనే ఏఏ స్టేటస్ (యాప్‌ఆర్మర్ పరిస్థితి చూపే కమాండ్) కొట్టి చూశాను, ఎన్‌ఫోర్స్ మోడ్‌లో ఉన్న ప్రొఫైల్స్ లిస్టులో మూడూ ఉన్నాయి, ఓకే అని టికెట్ మూసేశాను. ఇవాళ మళ్లీ కొట్టి కింది దాకా స్క్రోల్ చేస్తే చివర్లో ఒక లైన్ ఉంది, "మూడు ప్రాసెస్‌లు అన్‌కన్‌ఫైన్డ్, కానీ వాటికి ప్రొఫైల్ డిఫైన్ అయి ఉంది" అన్న అర్థంలో. ప్రాక్ కింద వాటి పీఐడీ ఫోల్డర్లలో అట్రిబ్యూట్ చూస్తే మూడింటికీ "అన్‌కన్‌ఫైన్డ్" అనే ఉంది. పైన లిస్టులో ఉన్నది ప్రొఫైల్, కింద ఉన్నది ప్రాసెస్. పై లిస్టు చూసి లేచిపోయాను నేను. పెట్టినప్పటి నుంచి ఒక్క మెషీన్ కూడా రీబూట్ కాలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

పాత_కెర్నెల్:

అలా జరుగుతుందండీ, ప్రొఫైల్ ఉందా అని అందరం చూస్తాం, ప్రాసెస్ దాని కింద ఉందా అని చూసేవాళ్లు తక్కువ. పీఎస్‌కి క్యాపిటల్ జెడ్ పెడితే పక్కనే లేబుల్ చూపిస్తుంది, ఇన్‌స్టాల్ తర్వాత చెక్‌లో అది చేర్చేయండి. ఆ మూడింటినీ రీస్టార్ట్ చేసేటప్పుడు పక్కన కెర్నెల్ లాగ్ తెరిచి పెట్టుకోండి. ఇన్నాళ్లూ ఆ ప్రొఫైల్స్ నిజంగా దేన్నీ ఆపలేదు కాబట్టి, అవి సరిగ్గా రాశారో లేదో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు.

రాత్రి_డ్యూటీ:

చేశాను, మార్చిన సంగతులు రాసేస్తున్నా. సర్వీసులు 11కీ డీహెచ్ యాప్‌ఆర్మర్, సిస్టమ్‌డీ స్టెప్ కంటే ముందు, యూనిట్‌లో ప్రొఫైల్ పేరు హైఫన్ లేకుండా. టూల్స్ 27కీ పేరున్న ట్రిగ్గర్, రన్ కింద లిస్టు. కొత్త మెషీన్ మీద మొత్తం ఇన్‌స్టాల్ ఇప్పుడు మూడు నిమిషాల లోపే అయిపోతోంది, అందులో పార్సర్ వాటా పది పదిహేను సెకన్లు. కెర్నెల్ లాగ్‌లో ఆ స్కిప్పింగ్ లైన్లు కూడా మాయమయ్యాయి.

ఇక ఆ మూడు సర్వీసులు. మొదటిది రీస్టార్ట్ చేశాను, హాయిగా లేచింది. రెండోదీ లేచింది. మూడోది లేచి, నాలుగు సెకన్లకి పడిపోయింది, లాగ్‌లో డినైడ్ అని వరసగా పదకొండు లైన్లు, అన్నీ ఒకే సాకెట్ ఫైల్ మీద. ప్రొఫైల్‌లో ఆ పాత్ చివర ఒక అక్షరం తప్పు పడింది. బిల్డ్‌లో పెట్టిన కంపైల్ టెస్ట్ దీన్ని పట్టుకోలేదు, సింటాక్స్ ప్రకారం అది మంచి పాతే మరి. లోకల్ ఫోల్డర్‌లో ఉన్న ఖాళీ ఫైల్‌లో ప్రస్తుతానికి ఒక లైన్ చేర్చి, ఆ ఒక్క ప్రొఫైల్‌నీ చిన్న ఆర్‌తో లోడ్ చేసి లేపాను. సరిచేసిన ప్యాకేజీ రేపు పొద్దున వెళ్తుంది. టికెట్ మళ్లీ తెరిచాను, ఈసారి నా పేరు మీదే.